నూకలిస్తే నాగన్నకు చేరేనా?

దీపావళి వెళ్లిన నాలుగో రోజు నాగుల చవితి. సిక్కోలు, విజయనగరం పల్లెల్లో ఆ పొద్దున పిల్లలు దాచుకున్న టపాసులతో, ఆడవాళ్లు చిమ్మిలి, చలిమిడి, పాలు, కోడిగుడ్లతో పుట్టకు బయల్దేరతారు. పుట్ట దగ్గర పెద్దవాళ్లు చెప్పించే మాటలు ఇవి:

"పడగ తొక్కితే పగవాడనుకోకు, నడుము తొక్కితే నావాడనుకో, తోక తొక్కితే తొలగిపో. నూకనిచ్చెదను, మూకనిమ్ము."

ఇది చేను గట్టు మీద చెప్పులు లేకుండా నడిచేవాళ్ల ప్రార్థన. కార్తీకంలో నాగావళి, వంశధార కాలువల కింద వరి పండుతుంది. కంకులు కొరకడానికి ఎలుకలు గట్లలో బొరియలు చేస్తాయి. వాటి కోసం నాగుపాము వస్తుంది. అదే గట్టు మీద మన కాలు, దాని పడగ. అందుకే ఆ వేడుకోలు.

నాగుపాము తిండి ఎలుకలు, కప్పలు, బల్లులు, అప్పుడప్పుడు పక్షి గుడ్లు. కట్లపాము తోటి పాములనే ఎక్కువగా తింటుంది. మన కొండల వైపు కనిపించే గిరినాగుదీ అదే తీరు. నీళ్లపాముకు చేపలు, కప్పలు. ఏదైనా సరే నమలదు, మొత్తంగా మింగేస్తుంది. ఒకసారి కడుపు నిండితే చాలా రోజులు మళ్లీ వేటకు పోదు. పాలు మాత్రం ఏ పాముకీ ఆహారం కాదు, అరగవు కూడా. పాములవాడి బుట్టలో పాము పాలు తాగిందంటే భక్తితో కాదు, రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండబెట్టినందుకు. అలాంటివాడికి దక్షిణ ఇవ్వడం నాకు పుణ్యంగా అనిపించదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పామును అలా పట్టి ఉంచడం నేరం కూడా.

మరి నైవేద్యం వృథాయేనా? నూక సంగతి చూడండి. పాము నూకలు తినదు. ఎలుక తింటుంది, ఎలుకను పాము తింటుంది. మనం చల్లిన గింజ నాగన్నకు చేరే దారి అదొక్కటే. ఆ పాట కట్టినవాళ్లు ఇంత ఆలోచించారో లేదో గానీ, లెక్క సరిపోయింది. పాలు ఆచారం, మానమని అనను. కన్నంలో గుమ్మరించకుండా పుట్ట మొదట్లో రెండు చుక్కలు పోసినా పూజ పూజే. టపాసులు కాస్త దూరంగా కాలిస్తే మంచిది, నేల అదురు పాముకు ఇట్టే తెలుస్తుంది.

నాకు అసలు బాధ ఆ తర్వాతి వారాలది. కోతల్లో జెర్రిపోతు కనబడితే చాలు, చవితినాడు దండం పెట్టిన చేతులే కర్ర తీస్తాయి. దానికి విషం లేదు, పైగా అది తినేది మన ధాన్యం తినే ఎలుకలనే.