మడత కింద పడ్డ వరుస

అత్త దాచుకున్న పాత ఉత్తరానికి మా చిన్నోడు లామినేషన్ చేయించేశాడు. అత్త డెబ్భయ్యో పుట్టినరోజుకి కానుకట. వాడి మనసు వెన్న, చెయ్యి తొందర. బీరువాలో ఉన్న నాలుగు కాగితాల్లోంచి ఒక ఉత్తరం పట్టుకెళ్లి, కాంప్లెక్స్ దగ్గర ఎక్కడో జిరాక్స్ షాపులో ప్లాస్టిక్ తొడిగించి, ఫ్రేము కట్టించి, హాల్లో సముద్రం వైపు కిటికీకి ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు. పొద్దున్న పాయసం తింటూ అత్త దాన్నే చూస్తూ కూర్చుంది. నాకు పాయసం గొంతు దిగలేదు. ఇప్పుడు రాత్రి పదకొండున్నర. ఇంకా అలాగే ఉంది.

ఎవరింట్లోనైనా ఇలాంటి కాగితం ఉంటే, ఇది చదివైనా ఆగుతారని వివరంగా రాస్తున్నాను. లామినేషన్ కవరుకి పైన ఉండేది పాలిస్టర్, లోపల ఉండేది వేడికి కరిగే జిగురు పొర. మిషన్ రోలర్లు 110, 120 డిగ్రీల వేడి మీద తిరుగుతాయి. జిగురు కరిగి కాగితం పీచులోకి దిగి, చల్లారగానే అక్కడే బిగుసుకుపోతుంది. తర్వాత ప్లాస్టిక్ లాగితే కాగితం పై పొర దాంతోపాటే ఊడొస్తుంది, రాత ఉండేది ఆ పొర మీదే. రసాయనాలతో విడదీసే నిపుణులు లేకపోలేదు కానీ, కాగితం ఎంత పల్చనైతే అంత ప్రమాదం, సిరా కూడా ఆ రసాయనానికే కరిగిపోవచ్చు. పైగా పాత కాగితంలో పుట్టే ఆమ్లం లోపలే ఉండిపోతుంది, వేడి తగిలిన కాగితం త్వరగా పెళుసెక్కుతుంది. బస్ పాసుకి చేయించుకోండి, గుర్తింపు కార్డుకి చేయించుకోండి. ఉత్తరానికి మాత్రం వద్దు.

ఇది మామూలు కాగితం కూడా కాదు, ఎయిర్‌మెయిల్ కాగితం, ఉల్లిపొరలా ఉంటుంది. మూడు మడతలు. రెండో మడత దగ్గర హుద్‌హుద్ తుపాను నాడే చీలి రెండు ముక్కలైంది. ఆ రెంటినీ అంచుకి అంచు ఆనించే పెట్టానంటాడు చిన్నోడు. పెట్టే ఉంటాడు. కానీ రోలరు లోపలికి లాక్కునేటప్పుడు అంత పల్చని ముక్క నిలబడదు, జారుతుంది. పై ముక్క కింది ముక్క మీదికెక్కి అలాగే అతుక్కుపోయింది. స్కేలు పెట్టి చూశాను, 6 మిల్లీమీటర్లు. సరిగ్గా ఒక వరుస. వెనక నుంచి టార్చి వేసి చూస్తే పై ముక్క చివరి వరుస, కింది ముక్క మొదటి వరుస ఒకదాని మీద ఒకటి పడి అల్లుకుపోయి కనిపిస్తున్నాయి, కింది వరుసలో ఒక్క మాటా విడివడదు.

ఇక ఆ గోడ. పొద్దుటెండ నేరుగా దాని మీదే పడుతుంది. ఆ రోజుల్లో బడిపిల్లల దగ్గర్నించి ఆఫీసర్ల దాకా వాడిన లేత నీలం ఫౌంటెన్ పెన్ సిరా నీళ్లకి పారుతుంది, వెలుతురుకి వెలిసిపోతుంది. గాజు అడ్డం ఉంది కదా అంటారు. మామూలు గాజు ఆపేది కొంతే. గోడకి తగిలించాల్సింది రంగుల ప్రింటు, అసలుది చీకట్లో ఉండాలి. రేపు దించేస్తానంటే అత్త, "ఉండనీరా నాన్నా, కళ్లెదుట ఉంది" అంది. అంతే అంది.

పాత టపాలు చదివినవాళ్లకి తెలుసు, అయినా నా కోసం మళ్లీ రాసుకుంటున్నాను. 1978 నవంబరు. అత్త అప్పుడు తంతి ఆఫీసు కౌంటర్లో. ఆ ఉత్తరం రాసినాయన ఓడలో రేడియో ఆఫీసరు, కాకినాడ వైపు మనిషి. ఓడ మన విశాఖ షిప్‌యార్డులో డ్రైడాక్ ఎక్కింది. రేవులో ఉన్నప్పుడు ఓడ రేడియో వాడటానికి వీల్లేదు. కాబట్టి రేడియో ఆఫీసరుకి పని తక్కువ, ఇంటికి కబురు పంపాలన్నా అందరిలాగే వచ్చి ఫారం నింపి వరసలో నిలబడాలి. టెలిగ్రాముకి మాటల లెక్క. తెచ్చిన ఫారంలో అక్కర్లేని మాటలు కొట్టేసి డబ్బు తగ్గించి ఇవ్వడం అత్త అలవాటు, ఎవరికైనా అలాగే చేసేది. మూడో రోజుకల్లా ఆయన కావాలని ఎక్కువ మాటలు రాసుకొచ్చాడు, కొట్టేస్తున్నంతసేపూ అక్కడ నిలబడొచ్చని.

డ్రైడాక్ అంటే పెద్ద కాంక్రీటు తొట్టి. ఓడని లోపలికి తెచ్చి గేటు మూసి నీళ్లు తోడేస్తారు. నీరు దిగేకొద్దీ ఓడ, ముందే వరసగా పేర్చిపెట్టిన దిమ్మల మీద కూర్చుంటుంది. అప్పుడు అడుగున పట్టిన గుల్లలూ నాచూ గీకాలి, తుప్పు రాల్చాలి, రంగు వెయ్యాలి. తుప్పుని ఆపే పూతలు ముందు, వాటి మీద గుల్లలు పట్టకుండా విషం కలిపిన ఎర్రరంగు. ఒకటి ఆరితేనే ఇంకోటి. తడి ఇనుము మీద వేస్తే రంగు పొక్కులొచ్చి ఊడిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. అందుకని వాన పడితే పని ఆపేస్తారు. ఆ ఓడకి 12 రోజులని లెక్క వేశారట. ముసురు పట్టుకుని 19 అయింది. "పన్నెండు మావి, ఏడు వానవి" అంటుంది అత్త ఇప్పటికీ. నవంబరులో ముసురు పడితే చాలు, ఆవిడ గొంతు మారిపోవడం ఇంట్లో అందరం చూశాం.

బీచిలో మురీ మిక్చర్ పొట్లాలు, తడిసిన గొడుగు, చివరి బస్సు. అంతకంటే నేను రాయను, అవి అత్తవి. ఓడ వెళ్లిపోయిన పొద్దున్న మాత్రం రాస్తాను. షిప్‌యార్డు నుంచి బయటికి పోవాలంటే ఏ ఓడైనా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న సన్నని కాలవలోంచే పోవాలి. ఇవతలి గట్టున మూడు కొండలు, ఒక దాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒక దాని మీద దర్గా, ఒక దాని మీద మేరీమాత చర్చి. అత్త గుడి మెట్లెక్కి నిలబడిందట. అక్కణ్నించి చూస్తే కాలవలో పోయే ఓడ కాళ్ల కిందే పోతున్నట్టుంటుంది, డెక్కు మీద మనిషి చొక్కా రంగు తెలుస్తుంది. తెల్ల చొక్కా. కొత్త ఎర్రరంగు నీటి అంచున గీతలా కనిపించిందట. ఆ గీతే ఎక్కువసేపు చూశానంటుంది.

ఆ తర్వాత మూడు ఉత్తరాలు, 1980లో అత్త పెళ్లికి ఒక గ్రీటింగ్ టెలిగ్రాం. అంతే. గ్రీటింగ్ టెలిగ్రాముల్లో శుభాకాంక్షలకి అంకెలుండేవి. పంపేవాళ్లు అంకె రాస్తే చాలు, అందుకున్న ఆఫీసులో దానికి సరిపడే వాక్యం మొత్తం రాసి ఇచ్చేవారు. అత్తకి ఆ అంకెలన్నీ కంఠతా. పెళ్లి పందిట్లో వాక్యం చదవగానే అంకె గుర్తొచ్చిందట. మాటలు లెక్కపెట్టించుకున్న మనిషి చివరికి ఒక్క అంకె పంపాడు. ఇది కోపంగా చెప్పదు, తంతి ఆఫీసు మనిషి చెప్పినట్టే చెబుతుంది.

ఆ నాలుగూ బిస్కెట్ డబ్బాలో ఉండేవి. మూత చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క బిగించింది, లోపల వస కొమ్ము పెట్టింది మావయ్య. దాంట్లో ఏమున్నాయో తెలిసే పెట్టాడు. సిల్వర్ ఫిష్ పురుగు చొరకుండా అది ముప్ఫై ఏళ్లు కాపాడింది. రబ్బరుకి ఆయుష్షు అంతే, ఎండి పగిలింది. కలరా ఉండలు పెట్టకపోవడం కూడా మంచిదైంది, ఆ ఆవిరి పిల్లలకీ మంచిది కాదు, పాత వస్తువులకీ మంచిది కాదు.

12 అక్టోబరు 2014. హుద్‌హుద్ గాలి గంటకి 180 కిలోమీటర్లు దాటిన రోజు. అటక మీది రేకు లేచిపోయి డబ్బాలో నీళ్లు నిండాయి. తడిసిన కాగితానికి 48 గంటలే గడువు, ఆపైన బూజు మొదలవుతుంది, మన ఊరి తేమలో అంత కూడా ఆగదు. కరెంటుంటే కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో పడేసి తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. ఆ వారం ఊళ్లో కరెంటెక్కడ? మావయ్య పాత పంచెలు చింపి ముక్కలు చేసి, వాటి మధ్య పెట్టి, అరగంటకోసారి మార్చాం. న్యూస్ పేపర్ వాడకూడదు, దాని సిరా అంటుకుంటుంది. ఎండలో పెట్టకూడదు, ఇస్త్రీ అసలే చెయ్యకూడదు. తడి కాగితాన్ని వేళ్లతో ఎత్తితే తెగుతుంది. పుస్తకం అట్టకి వేసే పల్చని ప్లాస్టిక్‌ని దాని మీద పరిస్తే కాగితం ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది, అప్పుడు ప్లాస్టిక్‌తో సహా ఎత్తాలి. టెలిగ్రాం మీద అంటించిన కాగితం పట్టీలు ఊడిపోతే గోధుమపాల గంజితో అంటించాం. గోధుమలు నానబెట్టి రుబ్బి వడకట్టి, అడుక్కి దిగిన తెల్లపిండి ఒక చెంచాకి ఐదు చెంచాల నీళ్లు పోసి, సన్నసెగ మీద నిగనిగలాడేదాకా కలిపితే చాలు. రేపెప్పుడైనా తీయాలనుకుంటే తడిచేస్తే ఊడొస్తుంది. తెల్ల జిగురుకి ఆ గుణం లేదు.

ఆ తడి మీదే, ఆరేలోపు సిరా ఇంకా పారిపోతుందేమోనని భయమేసి, ప్రతి కాగితాన్నీ ఫోనుతో ఫోటో తీసి ఉంచాను. ఆ ఫోటోలు ఇన్నాళ్లూ తెరవలేదు.

ఈ రాత్రి తెరిచాను. పోయిన వరుస తీసి రేపు అత్తకిద్దామని. నీలం సిరా పారిపోయి మరకైన చోట చదవాలంటే ఒక దారి ఉంది. ఫోటోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలుగా విడదీసి, ఎరుపు పొర ఒక్కటే నలుపు తెలుపులో చూడాలి. నీలం సిరా ఎరుపు వెలుగుని మింగేస్తుంది, అందుకని ఆ పొరలో అది అన్నిటికంటే నల్లగా తేలుతుంది. తర్వాత కాంట్రాస్ట్ కొంచెం కొంచెంగా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే మరకా అక్షరమూ కలిసిపోతాయి.

చదవగలిగాను.

పొద్దున్న చిన్నోడితో నేను గట్టిగా అన్నాను, ఒక వరుస పోగొట్టావురా అని. అత్త గిన్నె కింద పెట్టి, తడుముకోకుండా ఆ వరుస చెప్పేసింది. వచ్చే ఏడు ఓడ మళ్లీ విశాఖకే వస్తుంది, నేనూ వస్తాను. "అదే కదా పోయింది, నా దగ్గర ఉంది" అంది.

ఫోటోలో అలా లేదు. వచ్చే ఏడు ఓడ మళ్లీ విశాఖకే రావచ్చు, నేను ఉంటానో లేదో. అని ఉంది. మూడుసార్లు చూశాను. 'రావచ్చు' అన్న మాటలో అనుమానం లేదు, చకారం కింద ఒత్తు కూడా స్పష్టంగా ఉంది.

ఆవిడ అబద్ధమాడలేదు. మడత మీద పడిన వరుస అన్నిటికంటే ముందు అరుగుతుంది. విప్పినప్పుడల్లా పీచు విరుగుతుంది, సిరా రాలుతుంది. మావయ్య ఉన్నన్నాళ్లూ తీసి చదివిందే తక్కువ, హుద్‌హుద్ తర్వాత చిరిగిపోతుందని విప్పనేలేదు. కాగితం మీద కనిపించనిది లోపల ఒక్కొక్క అక్షరమే మారుతూ వచ్చి ఉంటుంది.

పొద్దున్నంతా ఆ 6 మిల్లీమీటర్ల కోసం చిన్నోడి మీద మండిపడ్డాను. ఇప్పుడు ఆ ముక్క జారకుండా ఉంటే ఏమయ్యేదా అని ఆలోచిస్తున్నాను. గోడ మీద రోజూ కళ్లెదుట, కళ్లద్దాలు పెట్టుకుని, ఎప్పుడో ఒకరోజు చదివేది. లామినేషన్ తప్పు కాదని అనట్లేదు, అది తప్పే, ఎప్పటికీ తప్పే. కానీ అత్త ఇవాళ నాలుగుసార్లు ఫ్రేము దగ్గరికెళ్లి తడి చేత్తో గాజు తుడిచింది. ఇన్నేళ్లలో ఆ కాగితాన్ని భయం లేకుండా ముట్టుకోవడం నేను చూడలేదు.

చిన్నోడు మెసేజ్ పెట్టాడు, ఫోటో ఉందన్నావుగా, పెద్దగా ప్రింటు తీసి పక్కన తగిలిద్దామని. తీస్తాను. రంగు మార్చని అసలు ఫోటోనే తీస్తాను. ఉత్తరం ఎంతుందో అంతే సైజులో, మెరుపు లేని కాగితం మీద, పిగ్మెంట్ సిరాతో. అందులో ఆ వరుస ఉన్నది ఉన్నట్టే ఉంది, నీలం మరక, మధ్యలో అక్కడక్కడ కొమ్ములూ ఒత్తులూ. అసలుది దించి బీరువాలోకి, ప్రింటు గోడ మీదికి. ఇంకా ఉండనీమంటే కనీసం ఎండ పడని లోపలి గోడకి మార్చుకుంటాను.

ఎరుపు పొర తీసిన ఫైలు చెరపలేదు. తేదీ వేసి మిగతా ఫోటోల పక్కనే పెట్టాను. అత్త నోరు తెరిచి అడిగితే చూపిస్తాను.

బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచి నీలం పోయి గులాబీ రంగుకి తిరిగింది. రేపు పొద్దున్న ఓవెన్లో 110 డిగ్రీల మీద రెండు గంటలుంచి, మళ్లీ నీలం అయ్యాక, మిగిలిన మూడింటి దగ్గరా పెట్టాలి.