స్పానిష్ భూతకాలం: ముగింపులు వచ్చేశాయి, పనంతా దీర్ఘాలతోనే

వర్తమానం ఓ దారికి రావడంతో భూతకాలం మొదలుపెట్టాను. అందులోనూ ప్రస్తుతానికి ప్రెతేరితొ ఒక్కటే, అంటే జరిగి ముగిసిన పనిని చెప్పే రూపం. 'రోజూ మాట్లాడేవాణ్ణి' లాంటివి చెప్పే ఇంపెర్ఫేక్తొ జోలికి ఇంకా పోలేదు.

ముగింపులు బట్టీ పట్టడం పెద్ద పనేం కాదు. అబ్లార్ (మాట్లాడటం) లాంటి 'ఆర్' క్రియలకు అబ్లే, అబ్లాస్తె, అబ్లో, అబ్లామొస్, అబ్లారొన్ (వరుసగా నేను, నువ్వు, అతను/ఆమె, మేము, వాళ్లు). కొమేర్ (తినడం) అయితే కొమీ, కొమీస్తె, కొమ్యో, కొమీమొస్, కొమ్యేరొన్. 'ఇర్' క్రియలకూ ఇవే ముగింపులు కాబట్టి బివీర్ (జీవించడం) ఫ్రీగా వచ్చినట్టే. స్పెయిన్‌లో వాడే బొసోత్రొస్ (మీరంతా) రూపం వదిలేశాను. నేను నేర్చుకునేది లాటిన్ అమెరికా స్పానిష్, అక్కడ దాని అవసరం రాదు.

మాట్లాడాను, మాట్లాడావు అన్నట్టే వీళ్లకీ ఎవరు చేశారన్నది క్రియ చివర్లోనే తెలిసిపోతుంది. 'నేను', 'నువ్వు' వదిలేయడం మనకు కొత్తేం కాదు. కాకపోతే అబ్లో అంటే మాట్లాడాడూ అదే, మాట్లాడిందీ అదే. నాకిది ఇంకా వెలితిగానే ఉంది.

అసలు కష్టం ఎక్కడ నొక్కి పలకాలన్నది. 'ఆబ్లొ' అంటే మాట్లాడతాను, 'అబ్లో' అంటే మాట్లాడాడు. రోమన్ లిపిలో ఈ రెంటికీ తేడా చివరి అక్షరం మీది చిన్న గీతే. అది కంటికి ఆనదు. అందుకే నోట్సులో తెలుగులో రాసుకుంటున్నాను: నొక్కే అచ్చుకే దీర్ఘం, మిగతావన్నీ హ్రస్వాలు. ఎ, ఒలకు కూడా హ్రస్వదీర్ఘాలు ఉన్న లిపి మనది, ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. పైకి చదివితే ఊనిక దానంతటదే సరైన చోట పడుతోంది.

ఈ పద్ధతి పనికిరాని చోటూ ఉంది. బుస్కార్ (వెతకడం) 'నేను' రూపం బుస్కే. చెవికి మామూలుగానే ఉంటుంది గానీ రాతలో 'సి' పోయి 'క్యూ, యు' వస్తాయి; 'సి' పక్కన 'ఇ' (e) వస్తే 'స' శబ్దం అయిపోతుంది మరి. యెగార్ (చేరుకోవడం)లో 'జి' తర్వాత 'యు' చేరుతుంది. మార్పు 'నేను' రూపంలో మాత్రమే. వీటిని రోమన్‌లోనే రాసి చూసుకోవాలి, తెలుగులో రాస్తే కనబడదు.

'మేము' రూపంలో ఇంకో తిరకాసు: అబ్లామొస్, బివీమొస్ వర్తమానానికీ ఇవే. వాక్యం ముందు అయేర్ (నిన్న) పెట్టి ప్రాక్టీస్ చేస్తున్నాను. కొమేర్‌కి ఆ బాధ లేదు, వర్తమానం కొమేమొస్, భూతం కొమీమొస్.

తర్వాత సేర్, ఈర్. ఉండటానికీ వెళ్లడానికీ భూతకాల రూపాలు ఒకటేనట: ఫుయీ, ఫుయీస్తె, ఫుయే. ముందు బుస్కార్ బాపతు క్రియలు గట్టిపడ్డాకే వాటి సంగతి.