దూరం ఒక్కటే, సమయాలు రెండు

పటం మీద రెండు విమానాశ్రయాలను కలిపే సరళరేఖే దగ్గరి దారి అని చాలాకాలం నమ్మాను. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల అసలైన కనిష్ఠ మార్గం చదునైన పటంపై విల్లులా వంగి కనిపిస్తుందని, గ్లోబు మీద దారాన్ని బిగించి చూసిన రోజున గాని నాకు బోధపడలేదు.

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెనడీ విమానాశ్రయానికి ఆ దారి సుమారు 5,540 కిలోమీటర్లు. అయినా వెళ్లేటప్పుడు దాదాపు 8 గంటలు, వచ్చేటప్పుడు దాదాపు 7 గంటలు పడుతుంది. పడమటి నుంచి తూర్పుకు ఉధృతంగా వీచే జెట్ స్ట్రీమ్ ఒకవైపు విమానానికి ఎదురునిలుస్తుంది, మరోవైపు దాన్ని ముందుకు నెడుతుంది. కంటికి కనిపించని గాలి గంటసేపటి తేడా తేవడం నన్నెప్పుడూ అబ్బురపరుస్తుంది. టికెట్టుపై ముద్రించేవి స్థానిక వేళలు కనుక, రెండు నగరాల మధ్య సాధారణంగా ఉండే 5 గంటల వ్యత్యాసాన్ని సరిచేసుకున్నాకే ప్రయాణ సమయం లెక్కించాలి.