సీటు కదిలింది జానెడు, కడుపు తిరిగింది బారెడు

మాది కడప. చిన్నప్పుడు రాయచోటిలో ఉండే అవ్వ దగ్గరికి పోవాలంటే గువ్వలచెరువు ఘాట్ దాటాలి. బస్సు ఘాట్ ఎక్కకముందే అమ్మ నా చేతిలో నిమ్మకాయ పెట్టేది. దాన్ని గోటితో గిచ్చి వాసన చూస్తూ మలుపులు లెక్కపెట్టేవాణ్ణి. లెక్క పూర్తయ్యేలోపే చాలాసార్లు తల కిటికీ బయట ఉండేది. గువ్వలచెరువులో అందరూ పాలకోవా కొనుక్కొని తింటుంటే నేను మొహం తిప్పుకొని కూర్చునేవాణ్ణి. ఆ కోవా రుచి ఏందో పదో తరగతి దాకా నాకు తెలీదు.

తర్వాతెప్పుడో ఒక కండక్టర్ చెప్పాడు, "కిందికి చూడొద్దప్పా, దూరంగా ఆ కొండను చూడు" అని. పనిచేసింది. ఇక జబ్బు పోయిందనుకున్నా.

పోయిన ఏడాది వేసవిలో అన్న కూతుర్ని తీసుకొని బెంగళూరు వైపు ఒక పార్కుకు పోయాం. ఘాట్‌లో నాకేమీ కాలేదు. ఆ ధైర్యంతోనే సిమ్యులేటర్ ఎక్కినా, అదే, తెర మీద బొమ్మకు తగ్గట్టు సీట్లు ఊగే ఆట. "చిన్నాయనా, ముందు వరసే!" అంది పాప. బెల్టు కట్టారు, లైట్లు ఆరిపోయాయి. పెద్ద తెర మీద గనిలో పట్టాల బండి. మొదటి దిగుడుకే నోట్లో నీళ్ళూరాయి. రెండో దానికి మెడ వెనక చల్లటి చెమట. కండక్టర్ మాట గుర్తొచ్చి దూరంగా చూసినా. అక్కడ దూరం అంటే తెరే కదా! చూసేకొద్దీ కడుపులో దేవింది. బయటికొచ్చి చెత్తడబ్బా వెతుక్కొనేసరికి పొద్దున తిన్న కారం దోశ నాతో లేదు.

ఇంటికొచ్చాక తీరిగ్గా చదివితే తెలిసింది, ఇది బస్సుకు తిరగేసిన వ్యవహారమని. మన చెవి లోపల ద్రవం నిండిన సన్నటి గొట్టాలుంటాయి, తల తిరిగితే ఆ సంగతి మెదడుకు చెప్పేవి అవే. బస్సులో ఫోను చూస్తుంటే చెవి 'కదులుతున్నాం' అంటుంది, కన్ను 'లేదు' అంటుంది. సిమ్యులేటర్లో కన్ను 'లోయలో పడుతున్నాం' అంటుంది, చెవికి తెలిసేది మాత్రం సీటు అటూ ఇటూ ఒరగడమే. బండి వేగం అందుకున్నట్టు అనిపించడానికి సీటును కొంచెం వెనక్కి వాలుస్తారంట, అంతే. ఇద్దరి మాటా కలవక కడుపు బలైపోతుంది. బస్సు డ్రైవరుకు వాంతయిందని ఎప్పుడైనా విన్నారా? వచ్చే మలుపు ఆయనకు ముందే తెలుసు మరి.

ఈ ఏడు పాప మళ్ళీ పట్టుబట్టింది. ఈసారి తయారై పోయినా. పొద్దున రెండు ఇడ్లీలే, నూనె వస్తువు లేదు. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు, అది నా అనుభవం. జేబులో అల్లం మురబ్బా. వాంతుల మాత్ర తెచ్చుకున్నా గానీ వేసుకోలేదు. అది గంట ముందు వేసుకుంటేనే పని, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ. పైగా నిద్ర తెస్తుంది, తిరుగు ప్రయాణంలో కారు నడపాల్సింది నేనే.

వెనక వరసలో మధ్య సీటు అడిగి తీసుకున్నా. తెర అంచులు, పక్క గోడలు కనబడితే కన్ను అంతగా మోసపోదు. తల సీటుకు ఆనించి పెట్టినా. బండి లోయలోకి దూకేటప్పుడు తెర వదిలేసి, మూల వెలుగుతున్న పచ్చటి ఎగ్జిట్ బోర్డు చూసినా. అదొక్కటే ఆ గదిలో కదలనిది. మరీ ఎక్కువైనప్పుడు కళ్ళు మూసుకున్నా. కళ్ళు మూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, గుర్రుమనే శబ్దంలో ఊగుతున్న కుర్చీ, అంతే.

చెత్తడబ్బా అవసరం రాలేదు. బయటికొస్తూ పాప అడిగింది.

"డ్రాగన్ మన మీదికి దూకింది చూసినావా చిన్నాయనా?"

"లేదు."

"మరి అంత డబ్బిచ్చి ఏం చూసినావ్?"

"ఎగ్జిట్ బోర్డు."