డచ్ అంకెల స్టాంపులో చిన్న గీత కనబడితే
1976లో డచ్ డిజైనర్ విమ్ క్రౌవెల్ డిజైన్‌తో వచ్చిన నెదర్లాండ్స్ అంకెల స్టాంపులు (బొమ్మకు బదులు వెల అంకే ఉండేవి) గ్రావ్యూర్ అచ్చువి, అంటే సిలిండర్ మీది సన్న గుంతల్లో సిరా నింపి అచ్చేసినవి. పది రెట్ల భూతద్దం కింద అంకె అంచున తెల్లచుక్కో, సన్నగీతో కనిపిస్తే వెంటనే అరుదైనదని అనుకోకండి. సిలిండర్ మీది దెబ్బయితే, వేరే షీట్లలోనూ అదే స్థానంలో అదే మచ్చ ఉండాలి. అసలైన వెరైటీ, అంటే సేకరించదగ్గ అచ్చు తేడా, అదే, పట్టి చూస్తే ఎంత ముద్దొస్తుందో! అదనపు సిరాను గీకేసే బ్లేడు కింద దుమ్ము పడితే వచ్చే గీత మాత్రం కాసేపుండి పోతుంది.

ఒక పక్క చిల్లులు లేవా? బుక్‌లెట్ (స్టాంపుల చిన్న పుస్తకం) అంచు స్టాంపు కావచ్చు, అది మామూలే. చిల్లుల్లేని స్టాంపని నమ్మాలంటే మధ్యలో చిల్లుల్లేని, విడదీయని జంట కావాలి. రంగు లేదన్నా తొందరపడొద్దు, ఎండకు వెలిసిన స్టాంపులు బోలెడు. భూతద్దంలో ఒక్క రంగు చుక్క కనబడినా ఆ రంగు అచ్చయినట్టే.