అట్టబొమ్మ మోచేయి

ఆదివారం. అట్టబొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫోటో తీసి చేసే అర నిమిషం యానిమేషన్ కోసం ముసలమ్మ బొమ్మ పని. ఎత్తు 20 సెంటీమీటర్లు, పక్కనుంచి కనిపించే రూపం. చీరకట్టు కాబట్టి తొమ్మిది ముక్కలతో సరి: తల, మొండెం, కుచ్చిళ్ళు, రెండేసి ముక్కల చొప్పున రెండు చేతులు, కింద రెండు పాదాలు. పంచె ఎగ్గట్టిన తాతయ్యైతే మోకాళ్ళు కూడా చేయాలి. మొదటిసారి చేసేవాళ్ళకు చీరే నయం.

అట్ట మిఠాయి డబ్బాది. సామాన్ల కార్టన్ అట్ట పనికిరాదు. లోపలి మడతల గీత వెంబడి సన్నటి చెయ్యి ఇట్టే విరుగుతుంది. శుభలేఖల అట్ట గట్టిదే గానీ బంగారు పూత లైటుకి మెరుస్తుంది. డబ్బా అట్ట అటూ ఇటూ వంచి చూస్తే ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకోవైపు బిర్రుగా ఉంటుంది. చెయ్యి పొడవు ఆ బిర్రువైపు రావాలి. రంగు కాగితం ఒక్క పక్కనే ఫెవికాల్‌తో అంటిస్తే తడికి సాగి, ఆరాక అట్టని విల్లులా వంచేస్తుంది. వెనక కూడా కాగితం అంటించి, రాత్రంతా పుస్తకాల బరువు కింద పెట్టాలి.

అసలు పనంతా కీళ్ళలోనే. చెయ్యి వెడల్పు 14 మిల్లీమీటర్లు. అందుకని మోచేతి దగ్గర రెండు ముక్కల చివర్లూ 7 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తాలు, చిల్లు సరిగ్గా వాటి కేంద్రంలో. చిల్లు పక్కకి జరిగితే చెయ్యి మడిచినప్పుడల్లా మోచేతి దగ్గర ఒక మూల పొడుచుకొస్తుంది. దబ్బనంతో రంగువైపు నుంచి పొడవాలి. వెనక లేచిన అంచుని గరుకు కాగితంతో రుద్దకపోతే ముక్కలు ఒకదానిమీద ఒకటి ఆనవు.

తోలుబొమ్మల కీళ్ళూ దారపు ముడులే, కాకపోతే అవి ఊగాలి. ఇక్కడ పెట్టినచోట నిలవాలి. మైనం పట్టించిన దారం, ముందొక ముడి, వెనక బిగించి రెండు ముళ్ళు, ముడిమీద మాత్రమే ఒక చుక్క జిగురు. అది అట్టకి తగిలిందా, కీలు పోయినట్టే. పరీక్ష తేలిక: బొమ్మని నిలబెట్టి ముంజేతిని అడ్డంగా చాపితే కిందకి వాలకూడదు, వేలితో నెడితే మాత్రం కదలాలి. భుజం కీలు మోచేతి కంటే బిర్రుగా ఉండాలి, లేకపోతే అరచేతిని జరిపినప్పుడల్లా భుజం కూడా కదిలి వస్తుంది. ఇత్తడి పిన్నులు వాడొచ్చు గానీ వాటి తలలు మెరుస్తాయి. రంగు వేయక తప్పదు.

చిత్రీకరణకు బొమ్మని పడుకోబెట్టాలి, ఫోన్ పైనుంచి కిందకి చూడాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్. ఫ్యాన్ ఆపాలి (మే నెలలో ఇదే అసలు కష్టం), కిటికీ తెర వేయాలి. మబ్బు వచ్చిపోతే వీడియోలో వెలుతురు మిణుకుమంటుంది. తెల్లచొక్కా వేసుకుని వంగినా అంతే, ఆ వెలుగు బొమ్మమీద పడుతుంది. సెకనుకి 12 ఫోటోల లెక్కన అర నిమిషానికి 360. చెయ్యి ఎత్తేటప్పుడు ఫోటోకి ఫోటోకి మధ్య జరపాల్సింది మొదట 2 మిల్లీమీటర్లు, మధ్యలో 7 దాకా, చివర మళ్ళీ 2. అన్నీ సమానంగా జరిపితే ముసలమ్మ కాదు, రైల్వే గేటు.

ఇక మిగిలింది కనురెప్పలు. రెప్పపాటుకి మూడు ఫోటోలు చాలు: సగం, పూర్తిగా, మళ్ళీ సగం. సగం మూసిన రెప్ప ఒకటి, పూర్తిగా మూసినది ఒకటి కత్తిరించుకుంటే సరిపోతుంది.