కర్పూరం వాసన వేసే కత్తి

మా తాత కత్తి మీద తుప్పు చూసిన రోజు నాకు బాధ కంటే సిగ్గే ఎక్కువ వేసింది. నేను పనిచేసేది పరవాడలో ఒక మందుల కంపెనీ క్యూసీ ల్యాబులో, అంటే నాణ్యత పరీక్షించే చోట. తేమ తగిలితే ఏ పొడి ఏమవుతుందో చూసి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. అలాంటివాడి బీరువాలో పెట్టిన కత్తికి తుప్పు పట్టింది.

తగరపువలస దగ్గర మా పల్లెలో తాత ముప్పై ఏళ్లకు పైగా, పిడిలోకి మడిచే ఆ కత్తితోనే గడ్డాలు గీశాడు. అలుగు మెడ మీద సోలింగెన్ అని ముద్ర ఉంటుంది. జర్మనీలో కత్తులకు పేరుపడ్డ ఊరు అది. వేరేచోట చేసిన సరుకు మీద ఆ పేరు కొట్టకూడదని 1938లో అక్కడ చట్టమే చేశారు. తాతకి అవేం తెలీవు. "జర్మన్ కత్తిరా" అనేవాడు, అంతే. గడ్డం అయ్యాక భుజం మీది తువ్వాలుకి అటూ ఇటూ తుడిచేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కొబ్బరి నూనె వేలితో ఒక్క రాత రాసి పొదిలో పడేసేవాడు. ఏనాడూ తుప్పు మాట వినలేదు.

నేను అంతకంటే గొప్పగా చూసుకుంటున్నాననుకున్నాను. మా ఇల్లు విశాఖలో, పెదవాల్తేరులో. కిటికీ గ్రిల్‌కి రంగు వేసిన ఏడాదికే పొక్కులు లేస్తాయి. వానాకాలంలో హాల్లో తేమ మీటరు 80 శాతం కిందికి దిగదు. పైగా ఇది స్టెయిన్‌లెస్ కాదు. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉండాలి. ఇలాంటి పాత కత్తుల ఉక్కులో ఒక శాతం దాకా కార్బన్ ఉంటుంది, క్రోమియం లేనట్టే. పదును అంచు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పలచన. అక్కడ చిన్న తుప్పు చుక్క పడితే పంటికి పుప్పి పట్టినట్టే.

అందుకని రెండు వారాలకోసారి ఆదివారం గీసుకున్నాక నాది పెద్ద తతంగం. కడిగేటప్పుడు అలుగు కిందికి, మెడ పైకి పట్టుకుంటాను. పిడి దగ్గరి రివిట్‌లోకి నీళ్లు దిగాయంటే ఎంత తుడిచినా రావు. తుడవడం వీపు నుంచి పదును వైపుకే. ఎదురు తుడిస్తే గుడ్డా తెగుతుంది, వేలూ తెగుతుంది. తర్వాత స్పిరిట్‌తో ఒకసారి తుడిచి, గంటసేపు తెరిచి ఆరబెడతాను. పటిక రాసుకున్న చేత్తో మాత్రం కత్తిని ముట్టుకోను. పటిక నీళ్లకి ఆమ్ల గుణం ఉంది, చుక్క పడి ఎండిందంటే మర్నాటికి మచ్చ. ఆఖర్న రెండు చుక్కల లిక్విడ్ పారాఫిన్. మెడికల్ షాపులో దొరికేదే. కొబ్బరి నూనె, రోజూ తుడిచి రోజూ రాసే తాతకి సరిపోయింది. వాడకుండా నెలల తరబడి ఉంచితే అది ముక్కిపోయి జిగటగా తయారవుతుంది, ముక్కిన నూనెలో ఆమ్లాలు పుడతాయి.

ఇంత చేసి, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచి వేసి మరీ కత్తిని పెట్టాను. ఒక ఏడాది ఆఫీసు పనితో రెండు నెలలు తీయలేదు. తీసి చూస్తే అలుగు నిండా ఎర్రటి పొడి.

"ఏట్రా అంత టెన్షను, దేవుడి సామాన్లకి రాసినట్టు చింతపండు రాస్తే పోద్ది కదా" అంది అమ్మ. అనడమే కాదు, నేను స్నానం చేసి వచ్చేలోపు రాసేసింది కూడా. ఇత్తడి ప్రమిద అయితే తళతళలాడేది. కత్తి బూడిదరంగుకి తిరిగింది. ఆవకాయ ముక్కలు కొట్టిన కత్తిపీట నల్లబడుతుంది చూడండి, అదే ఇది. ఆ నలుపు చూడ్డానికి బాగోదు గానీ దానివల్ల పెద్దగా నష్టం లేదు. భయపడాల్సింది గోటికి అంటుకునే ఎరుపుకి. అది లోపలికి తొలుచుకుంటూ పోతుంది. 2000 నంబరు వాటర్ పేపరు (బాగా సన్నని ఉప్పుకాగితం) మీద నూనె చుక్కేసి, పదును జోలికి పోకుండా రెండు సాయంత్రాలు రుద్దాను. ఎరుపు పోయింది. సూది మొనలంత గుంటలు రెండు మిగిలాయి. మళ్లీ నూనె, మళ్లీ డబ్బా.

నెలన్నరకి మళ్లీ పట్టింది.

ఈసారి తిట్టుకోవడం మానేసి, ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూశాను. సిలికా జెల్ గింజలు చాలావరకు నీలంగానే ఉన్నాయి, గులాబీ రంగుకి తిరగలేదు. అంటే డబ్బాలో తేమ పెద్దగా లేదు. కత్తి మడిచినప్పుడు పిడి బయట ఉండే తోక శుభ్రంగా ఉంది. వీపు కూడా పైకి కనిపించినంత మేర బాగానే ఉంది. పిడి రెండు పలకల మధ్య దాక్కునే భాగం మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఎర్రగా ఉంది. పిడి అంచు ఎక్కడ ఉంటుందో తుప్పు గీత సరిగ్గా అక్కడే ఉంది.

ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్పూరం వాసన. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తాత పొది దేవుడి గూటి కింద ఉండేది కాబట్టి అలా వస్తోందనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ వాసన వెనక ముక్కు పుటాలు మండించే పులుపు ఒకటి ఉంది.

తాబేటి డిప్పలా గోధుమ చారలతో ముద్దొచ్చే ఆ పిడి సెల్యులాయిడ్! పత్తి లాంటి సెల్యులోజుని నైట్రిక్ ఆమ్లంతో మార్చి, మెత్తదనానికి కర్పూరం కలిపి చేసే పాతకాలపు ప్లాస్టిక్ అది. వయసు మీరాక తనంతట తానే విచ్చిపోతూ నత్రజని ఆక్సైడ్ల ఆవిర్లు వదులుతుంది. వాటికి కాస్త తడి తగిలితే చాలు, మళ్లీ నైట్రిక్ ఆమ్లమే. సందేహం తీరడానికి ఆమ్లం తగిలితే ఎర్రబడే నీలి లిట్మస్ కాగితం తడిపి, కత్తితో పాటు రాత్రంతా డబ్బాలో పెట్టాను. పొద్దున్నే అది ఎర్రబడింది.

తాత రోజుల్లో పిడి ఇంకా గట్టిగా ఉంది. పైగా కత్తిని రోజుకి పదిసార్లు తెరిచేవాడు, ఆవిరి పుట్టినా నిలవడానికి చోటు లేదు. నేనేమో ఆ ఆవిరిని డబ్బాలో పెట్టి, మూత బిగించి మరీ కాపాడాను. నూనె మీద నూనె రాసుకుంటూ.

రివిట్లు తొలిచి పిడి ఊడదీశాను. మా వీధి వడ్రంగి టేకు ముక్కతో రెండు పలకలు చెక్కి, ఇత్తడి తీగతో రివిట్ కొట్టి ఇచ్చాడు. టేకే ఎందుకంటే, అది ఇనుముని తినదు. అదే ఓక్ చెక్క అయితే అందులోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముకి మచ్చ వేస్తుంది. ఇప్పుడు కత్తి మూతలేని పెట్టెలో, బీరువా పైఅరలో ఉంటుంది. రెండు వానాకాలాలు దాటింది. ఆ రెండు గుంటలు అలాగే ఉన్నాయి, కొత్తది మాత్రం ఒక్కటీ రాలేదు.

పాత పిడిని పారేయనంది అమ్మ. దేవుడి గూట్లో తాత ఫోటో పక్కన పెట్టబోయింది, అదీ దీపం పక్కన! సెల్యులాయిడ్ ఎంత సులువుగా అంటుకుంటుందో, పాత సినిమా రీళ్లు ఎలా తగలబడేవో చెప్పేసరికి నా గొంతు ఆరిపోయింది. కాసేపు బేరమాడాం. ఇప్పుడది బాల్కనీలో, ఎండ పడని మూల, కాగితం కవరులో మేకుకి వేలాడుతోంది. అమ్మ శుక్రవారం శుక్రవారం ఆ కవరుకి బొట్టు పెడుతోంది.